పాటకు పోయే బస్సు

"ఆ టికెట్లు డానియేలుకు పంపిన," అన్నాడు జోయెల్, పొయ్యి మీది గిన్నె మూత తీసి మటన్‌లో మూలుగ బొక్క ఉందో లేదో వెతుకుతూ.

సుజన పెరుగు చట్నీకి ఉల్లిగడ్డలు కోస్తోంది. ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి గంట కూడా కాలేదు, చర్చికి కట్టిన చీర కొంగే బొడ్లో దోపుకుని వంటకు దిగింది. "ఏ టికెట్లు?" అంది, ఏ టికెట్లో తెలిసి కూడా.

"అవే, నీ రాగసుధ పాటలయి. పొద్దున చర్చిల డానియేలును కారు అడిగిన. ఇయ్యనన్నడు. వాని పెండ్లాం స్వీటీ ఎన్నొద్దుల సంది ఎటన్న తీస్కపొమ్మని పానం తీస్తుందంట. ఇంక కారు లేకుంట సైదాబాద్ కెల్లి గచ్చిబౌలికి ఏం పోతం? టికెట్లు ఖరాబైతయ్ గదా అని, నీ ఫోన్ల కెల్లి వానికి కొట్టిన. మస్తు ఖుష్ అయిండు."

విన్నారు కదా. దోస్తును కారు అడగడానికి పోయిన మనిషి టికెట్లు ఇచ్చి వచ్చాడు. అదీ తనవి కావు, పెళ్ళానివి. పైగా ఏదో పాడైపోయే సరుకును సమయానికి దానం చేసినంత తృప్తి మొహంలో. మూలుగ బొక్క దొరికింది కాబోలు, గరిటెతో పైకి తీసి ఊదుకుంటూ ముందుగదిలోకి పోయాడు. సుజనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిగడ్డలు ఉన్నాయి కాబట్టి ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేకపోయింది.

మంచం మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తున్న అత్తగారు నీలమ్మ వంటింట్లోకి వినపడేలా అంది, "ఊరంత తిరిగేదే గదమ్మా నీ కొలువు. మళ్ళ తిరగాలని ఏంది? పాటలు చర్చిల లేవా, ఫోన్ల లేవా?"

ఫోన్‌లో ఉన్నాయి. ఆరేళ్ళ నుంచి ఫోన్‌లోనే వింటోంది. సుజన ఆర్టీసీలో కండక్టరు. పొద్దుటి డ్యూటీ ఉన్న రోజు మూడున్నరకే లేచి, ఇంటిల్లిపాదికీ డబ్బాలు సర్ది, పప్పు తాలింపు వేస్తూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రాగసుధ పాట వినేది. రెండో చెవి ఇంటిది. అత్తమ్మ పిలిచినా, కూతురు సోనీ దగ్గినా, జోయెల్ నీళ్ళు అడిగినా వినపడాలి కదా. అంటే ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్క పాట రెండు చెవులతో విన్నది లేదు. అయినా ఆ గొంతు ఆమెను పట్టుకుంది. ఎందుకంటే అందులో తొందర ఉండదు. ఆ పిల్ల ఒక్కో మాటనూ ఎవరూ తనను తరమడం లేదన్నట్టు పాడుతుంది. సుజన నోట్లో మాత్రం రోజుకు ఎనిమిది గంటలూ తొందరే, "జల్ది ఎక్కుండ్రి, లోపలికి జరుగుండ్రి, డోర్ల నిలబడకుండ్రి." ఆ గొంతును ఎదురుగా కూర్చుని, రెండు చెవులతో, ఒక్క సాయంత్రం వినాలి. ఆమె కోరికల్లా అంతే. దానికోసం తోటి కండక్టరు మహేశ్వరితో వారపు సెలవు మార్చుకుని, రెండు వారాలు సెలవన్నది లేకుండా పనిచేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే జోయెల్ పాపం అనిపిస్తాడు. పెళ్ళయి పదమూడేళ్ళు. మెదక్ చర్చి చూద్దామంటే, "కారు కొన్నంక పోదాం." నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు పోదామంటే, బస్సులో అరగంట దూరం, "కారు కొన్నంక పోదాం, ఆటోల పోతే ఏం ఇజ్జత్ ఉంటది?" ఆ ఇంటికి కారు ఎన్నడూ రాలేదు. దాని పేరు మాత్రం వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. విచిత్రమేమిటంటే డ్యూటీకి పోయేటప్పుడు ఆ కారు అవసరం ఎవరికీ గుర్తు రాలేదు. తెల్లవారుజామున వీధి కుక్కల మధ్య నుంచి ఒక్కతే డిపోకు నడిచి పోతుంటే "అంత దూరం ఎట్ల పోతవ్?" అని ఈ పదమూడేళ్ళలో ఒక్కరు అడిగితే ఒట్టు.

అసలు టికెట్లు కొనడానికి కారణం ఒక ప్రయాణికురాలు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక వెనక సీట్ల మగవాళ్ళు సణగడం మామూలైంది, "ఏం పని లేదు, ఊకెనే తిరుగుతున్నరు." ఒకరోజు ఎండకు తల పగిలిపోతుంటే సుజన నోటి నుంచి కూడా అదే మాట జారింది. "అందరు ఎక్కడికి పోతున్నరమ్మా గింత మంది?" అని ఒక పెద్దామె మీద విసుక్కుంది. ఆమె కిటికీ పక్కన కుదురుగా కూర్చుని, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు మడిచి రవికలో పెట్టుకుంటూ, "ఊకెనే పోతున్న బిడ్డా. ఇన్నేండ్లు పనికే పోయిన," అంది. సుజనకు చెంప చెళ్ళుమన్నట్టయింది. ఆ సాయంత్రమే, డిపోలో లెక్క అప్పజెప్పి బయటికి వస్తూనే, ఫోన్‌లో రెండు సీట్లు బుక్ చేసింది.

కూర దింపింది. చట్నీ కలిపింది. అన్నం గిన్నె ముందుగదిలో తెచ్చి పెట్టి, "పెట్టుకోండ్రి," అని స్నానానికి పోయింది. వడ్డించకుండా ఆమె అలా పోవడం ఇదే మొదటిసారి కాబట్టి ముగ్గురూ గిన్నె వంక కొంచెంసేపు చూస్తూ ఉండిపోయారు. సోనీయే ముందు గరిటె అందుకుంది. స్నానం చేస్తూ సుజన ఆలోచించింది. టికెట్టు పంపితే పోయిందా? పోలేదు. గేటు దగ్గర దాన్ని మిషన్‌కు చూపించాలి. మొదట ఎవరు చూపిస్తే వాళ్ళది. రెండోసారి చూపిస్తే చెల్లదు. ఆ నియమాలన్నీ ఆమె మూడుసార్లు చదివింది. జోయెల్ చదవలేదు. పద్నాలుగేళ్ళు టికెట్లు కొట్టిన మనిషికి, టికెట్టు ఎప్పుడు చెల్లుతుందో ఎప్పుడు చెల్లదో ఇంకొకరు చెప్పాలా?

ఆకుపచ్చ నేత చీర కట్టుకుని బయటికి వచ్చేసరికి మూడున్నర.

"ఏడికి?" అన్నాడు జోయెల్.

"పాటకు."

"టికెట్లు డానియేలుకు ఇచ్చిన గదా!"

"నా ఫోన్ల గూడ ఉన్నయ్ సోనీ డాడీ. ఎవరు ముందు పోయి చూపిస్తే వాళ్ళయే."

జోయెల్ ఒక్క క్షణం అర్థం కాక చూసి, పడీపడీ నవ్వాడు. "వాడు కారుల పోతుండు. నువ్వు బస్సుల పోయి వాన్ని దాటుతవా?"

"చూద్దాం," అంది సుజన, చెప్పులు వేసుకుంటూ.

"ఒక్కదానివే పోతవా?" నీలమ్మ గొంతులో నిజంగానే భయం ఉంది.

"ఒక్కదాన్నేడ అత్తమ్మా? బస్సు నిండ జనం ఉంటరు."

గేటు దాటుతుంటే వెనక జోయెల్ ఫోన్‌లో అంటున్నది వినపడింది, "అరే డానియేలు, జర జల్ది ఎల్లురా భయ్." నవ్వు ఆగిపోయిందన్నమాట. ఆ మాటతో సుజనకు ఎక్కడ లేని హుషారు వచ్చింది.

సంతోష్‌నగర్ చౌరస్తాలో మెహిదీపట్నం బస్సు ఎక్కింది. కండక్టరు స్రవ్య, కొత్తగా చేరిన పిల్ల, ఒకే డిపో. చీర చూసి కంగారుపడింది. "ఏమైందక్కా, ఎవరికన్న బాలేదా?"

"అందరు మంచిగనే ఉన్నరు."

"పెండ్లా మరి?"

"కాదు. పాట వినడానికి పోతున్న."

"ఎవరితోని?"

"ఎవరితోని లేదు."

స్రవ్య టికెట్టు మిషన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జబ్బు, చావు, పెళ్ళి. ఆడది ఆదివారం సాయంత్రం మంచి చీర కట్టి బస్సెక్కితే ఈ మూడింటిలో ఏదో ఒకటి అయ్యుండాలి. సుజన కూడా ఇన్నేళ్ళూ ప్రయాణికుల గురించి అలాగే అనుకుంది కాబట్టి ఆ పిల్లను ఏమీ అనలేకపోయింది. స్రవ్య జీరో టికెట్టు చింపి చేతిలో పెడుతూ, "మంచిగ విను అక్కా," అంది, మెల్లగా.

బస్సులో కూర్చోవడం సుజనకు చేతకాలేదు. చెయ్యి మాటిమాటికీ లేని కండక్టరు సంచీ కోసం భుజం మీదికి పోతోంది. చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ముసలామె మూటతో పరిగెత్తుకొస్తుంటే, "హోల్డాన్!" అని బస్సంతా అదిరేలా అరిచేసింది. డ్రైవర్ ఠక్కున బ్రేకు కొట్టాడు. "అక్కా, ఇయ్యాల నువ్వు ప్యాసింజర్‌వి," అని స్రవ్య పగలబడి నవ్వింది. బస్సంతా నవ్వింది. సుజనకు సిగ్గేసింది గానీ, ముసలామె ఎక్కింది.

మెహిదీపట్నంలో బస్సు మారింది. టోలిచౌకి దాటాక ట్రాఫిక్ మొదలైంది. గచ్చిబౌలి దగ్గరపడే కొద్దీ బస్సు కదలడమే మానేసింది. రోడ్డు మొత్తం కార్లే, అన్నీ పాటకు పోయేవే, అన్నీ ఒక్క పార్కింగ్ గేటులో దూరాలని చూసేవే. సుజన తల బయటపెట్టి చూసింది. ఆ వరుస ముప్పావుగంటకు గానీ కదలదు. అది చెప్పడానికి ఆమెకు ఏ మ్యాపూ అక్కర్లేదు. డ్రైవర్‌ను తలుపు తెరవమని అడిగి దిగి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టి, ఫుట్‌పాత్ మీద నడక అందుకుంది. రోజుకు ఎనిమిది గంటలు ఊగే బస్సులో నిలబడిన కాళ్ళు అవి. మామూలు నేల మీద వాటికి అడ్డేముంది?

అప్పుడు కనిపించింది డానియేలు కారు, వరుస మధ్యలో ఇరుక్కుని. డానియేలు హారన్ మీద చెయ్యి పెట్టి ముందున్న కారువాడిని తిడుతున్నాడు. పక్క సీట్లో స్వీటీ, అద్దం దించుకుని బయటికి చూస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇప్పుడు మొగుడి భుజం తట్టి చెప్తుంది, అతను దిగి పరిగెత్తుతాడు, అయిపోయింది. స్వీటీ మొగుడి వంక చూసింది. మళ్ళీ సుజన వంక చూసింది. తర్వాత నెమ్మదిగా అద్దం పైకెత్తి మొహం అటు తిప్పుకుంది. పలకరించలేదు సరే, చెప్పనూ లేదు. ఆ పిల్ల మనసులో ఏముందో సుజనకు అంతుపట్టలేదు. ఆగి ఆలోచించే టైమూ లేదు.

గేటు దగ్గర చేతిసంచీ తనిఖీ చేసిన సెక్యూరిటీ ఆమె పక్కకు జరిగింది. మిషన్ పట్టుకున్న అమ్మాయి ఫోన్ చూసి, "రెండున్నాయి మేడమ్. రెండూ కొట్టేయనా?" అంది.

సుజన తడబడింది. రెండూ కొట్టించవచ్చు. రెండూ తనవే. డానియేలు గేటు బయట నిలబడి తల గోక్కుంటుంటే చూడాలని మనసు ఉబలాటపడింది కూడా, అబద్ధమెందుకు? కానీ మనిషి లేని సీటుకు టికెట్టు కొట్టడం ఆమె ఎన్నడూ చేయలేదు.

"ఒక్కటే కొట్టు," అంది. "నేను ఒక్కదాన్నే."

మిషన్ కీచుమంది. పచ్చ లైటు వెలిగింది.

రాగసుధ స్టేజీ మీదికి వచ్చి, మైకు సరిచేసుకుని, ఏ హడావుడీ లేకుండా మొదటి పాట ఎత్తుకుంది. సుజన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోయడానికి ఏమీ లేదు, కలపడానికి ఏమీ లేదు, ఎవరూ పిలవడం లేదు. కుడి చెవిలోంచి, ఎడమ చెవిలోంచి, కాళ్ళ కింది నేలలోంచి కూడా పాట వస్తోంది. ఫోన్‌లో విన్నదంతా సగమేనని తెలిసి ఏడుపొచ్చింది. తుడుచుకోకుండా హాయిగా ఏడ్చింది. జోయెల్ ఏడుసార్లు ఫోన్ చేసి ఊరుకున్నాడు, ఆమె ఫోన్ సైలెంట్‌లో ఉందన్న సంగతి అతనికి తెలియదు.

మూడో పాట సగంలో ఉండగా పక్క సీట్లోకి ఎవరో వచ్చి ధబ్బున కూర్చున్నారు. స్వీటీ. చెమటలు కక్కుతోంది.

"నేనొక్కదాన్నే అక్కా," అంది ఊపిరి తీసుకుంటూ. "మా ఆయిన బయటనే ఉన్నడు."

"ఏమైంది?"

"ఒక టికెట్టు చెల్లదన్నరు. ఒక్కటే మిగిలింది. ఇగ నన్ను కారుల పోయి కూసో అన్నడు, నేను చూసొస్త అని. నా పేరు చెప్పే తెచ్చిండు గదక్కా టికెట్లు! లైన్ల నేను ముందున్న. మొత్తుకుంట ఎనకకు తిరిగి సెక్యూరిటీతోని కొట్లాడుతుండు, ఫోన్ నా చేతికిచ్చి. నేను మిషన్‌కు చూపించిన. పచ్చ లైటు వచ్చింది. లోపలికొచ్చిన." చెప్తూ చెప్తూ తను చేసిన పనికి తనే భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఫోన్ గూడ నా దగ్గర్నే ఉండిపాయె."

సుజనకు నవ్వు ఆగలేదు. స్వీటీ ముందు బిక్కమొహం వేసి, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి "ష్" అన్నారు. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

స్వీటీ చేతిలో డానియేలు ఫోన్ వెలిగింది. జోయెల్ పేరు. మోగి మోగి ఆగింది. మళ్ళీ వెలిగింది. స్వీటీ దాన్ని బోర్లించి తొడ కింద పెట్టుకుంది. స్టేజీ మీద ఫ్లూటు మొదలైంది. తర్వాత స్వీటీ సుజన చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, మా ఇంటికి బస్సు ఏ పక్కకు ఆగుతది?"

రోజుకు రెండు వందల మంది అడిగే ప్రశ్న. మొహం కూడా చూడకుండా జవాబు చెప్పేసేది సుజన. ఈసారి తిరిగి, అడిగిన మనిషి వంక నిదానంగా చూసింది. కారు సంగతేమిటని అడగలేదు.

"రోడ్డు దాటినంక, అవతలి పక్క," అంది. "నాతోని రా. గని ఇప్పుడే లెవ్వకు, ఇంక మస్తు పాటలున్నయ్."