ముందు గదిలో వేసుకున్న మాత్ర

మందుల షాపాయన ఇరవై రెండేళ్లుగా ఆ మాత్రలు అమ్ముతున్నాడు. అడిగినవాడి మొహం చూడకుండా, గొంతు తగ్గించి, రెండు కాగితాల్లో చుట్టి ఇచ్చేవాడు. అదేదో మర్యాద అనుకున్నాడు పాపం. తన దాకా వచ్చేసరికి ఆ చాటుతనమే మెడకు చుట్టుకుంది.

నాలుగు నెలలుగా నడుము నొప్పి వంకతో ముందు గదిలో పడుకుంటున్నాడు. నడుము నిక్షేపంలా ఉంది. భార్య పక్కన తనవల్ల కావడం లేదు, అంతే. ఆ మాట పైకి చెప్పడంకన్నా ప్రాణం పోవడం నయమనిపించింది. గుట్టుచప్పుడు కాకుండా షాపులోంచి ఆ మాత్రే ఒకటి తెచ్చి మింగాడు. ఫలితం సున్నా. ఇక తన పని అయిపోయిందని తీర్మానించుకున్నాడు.

భార్య ఇంకోలా అర్థం చేసుకుంది. ఒక పొద్దున బట్టలు సర్దుకుంటూ, "అక్క దగ్గర కొన్నాళ్లుంటాను. మీకెవరైనా ఉంటే చెప్పెయ్యండి, గొడవ చెయ్యను," అంది. గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని హడలెత్తించింది. తలుపుకు అడ్డం నిలబడి, నేలచూపులు చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆవిడ సంచి కింద పెట్టింది. "పదండి, డాక్టరమ్మ దగ్గరికి," అంది.

రోజూ ఆ డాక్టరమ్మ చీటీలు చదివి మందులిచ్చే మనిషి, ఆవిడ ఎదుట చెమటలు కక్కాడు.

"మాత్ర ఎలా వేసుకున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"కడుపునిండా భోంచేసి వేసుకున్నానండి. గడియారం చూస్తూ కూర్చున్నాను."

"పక్కన ఆవిడ ఉందా?"

"లేదండి, ఒక్కణ్ణే. ముందు పనిచేస్తుందో లేదో చూద్దామని."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "ఇన్నేళ్లు అమ్మారు, పెట్టెలో కాగితం ఒక్కసారైనా చదవలేదా? నిండు కడుపు మీద సరిగా పనిచెయ్యదు. పైగా కోరిక లేనిదే మాత్ర ఒక్కటే ఏం చేస్తుందండీ?"

తర్వాత బీపీ చూసింది, వేలు గుచ్చి షుగర్ చూసింది. మూడొందలు దాటింది.

"ఇదీ సంగతి. షుగర్ నరాల్నీ రక్తనాళాల్నీ పాడుచేస్తుంది, రక్తం సరిగా చేరదు. మీ సిగరెట్లు దానికి తోడు. ఆపైన దిగులు. ఇది జబ్బు, చేతకానితనం కాదు. ముందు గుండె పరీక్ష చేయిద్దాం. గుండెనొప్పి మందులు వాడేవాళ్లు ఈ మాత్ర మింగితే ప్రాణం మీదికొస్తుంది. షుగర్ దించుదాం, సిగరెట్ మానండి, రోజూ నడవండి. గుండె బాగుంటే మాత్ర నేనే రాస్తాను. చాలామందికి గుణం కనిపిస్తుంది. ఇంతకీ ఎన్నాళ్లనుంచి?"

"నాలుగు నెలలండి."

"ఎనిమిది," అంది భార్య.

ఆయన తిరిగి చూశాడు. ఆవిడ తన చేతులకేసి చూసుకుంటోంది.

"నేను లావయ్యాను, మీకు నచ్చడం లేదేమో అనుకున్నా. అందుకే రాత్రిపూట తినడం మానేశాను. ఆకలి లేదని మీతో అనేదాన్ని."

ఇన్ని నెలలూ ఆ మాట నమ్మి, ఆవిడ వాటా కూడా తనే తిన్నాడు. ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. డాక్టరమ్మ చూస్తుండగానే భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదే," అన్నాడు.