అరువు తెచ్చుకొన్న ఆయాసము

వసంతప్రభాతమున మామిడిపూతల పరిమళమును మోసికొనివచ్చిన పిల్లగాలి సోమవరసంస్థానాధీశ్వరుని సభామంటపద్వారమున గట్టిన యశోకపల్లవతోరణములను గదల్చి పన్నీరు చల్లిన రాతినేలమీదుగా సాగి యాస్థానగాయకపీఠముపై బరచిన పట్టువస్త్రపుటంచును మెల్లగా లేవనెత్తుచుండెను. వార్ధకభారమున నా పీఠమును వీడిన సంగీతవిద్యాపారంగతులగు వీరరాఘవాచార్యుల తరువాత నందు గూర్చుండదగినవారెవ్వరో యానాడు తేలవలసియుండెను. శిష్యులెల్లరును గురువుగారు కట్టిన హిందోళకీర్తననే పాడవలయుననియు నందు మేటియైనవారిదే పీఠమనియు రాజాజ్ఞ.

ఆచార్యులవారి పాటలో నొక విశేషము కలదు. పల్లవి పైస్థాయికెక్కి శిఖరము నందుకొనబోవు తరుణమున నాయన కుడిచేతిని ఱొమ్మున నుంచి కనులు మూసి క్షణకాలము మౌనము వహించి తరువాతనే మిగిలిన పాదము నెత్తికొనెడివారు. శిష్యులు దానికి గురువిరామమని పేరు పెట్టి చేయి యెట్లుంచవలయునో కన్నులెంతమేరకు మూయవలయునో శ్రద్ధాభక్తులతో నభ్యసించి క్రొత్తగా వచ్చినవారికి సరళీస్వరములకంటె ముందు దానినే నేర్పుచుండిరి. మృదంగవిద్వాంసుడును నచ్చోట వాద్యము నాపి కూర్చుండుట కలవాటుపడెను. పులిని జూచి నక్క వాత పెట్టుకొన్నదందురు. వీరి భక్తిని జూచిన నా నక్కయే నవ్వియుండును.

వీరిలో వకుళాంబ యొక్కతె వేఱు. గోదావరీతీరమున బుట్టి యీవలి గట్టున నిలిచి యావలి గట్టున నున్న పడవవానిని బిలుచుచు బెరిగిన యా యనాథబాలవితంతువునకు విద్య తప్ప దిక్కు లేదు, గురుకులము తప్ప గూడు లేదు. ఆమె యూపిరి యేటిగాలివలె దీర్ఘమైనది. విరామస్థలమున నామె గొంతు ఆగనొల్లదు. ఆగినప్పుడెల్ల నోటిదగ్గఱి ముద్దను లాగికొన్నట్లుండెడిది. ప్రధానశిష్యుడగు సుదర్శనభట్టు మున్నే యామెను హెచ్చరించియుండెను.

“సభలో గురువిరామము తప్పితివేని యా క్షణమే నీకు మన గురుకులమున జోటు లేదు సుమా!”

సభ యారంభమయ్యెను. శిష్యులొక్కరొక్కరే పాడిరి. ఒక్కొక్కరి చేయియు నొక్కచోటనే ఱొమ్మున కెక్కెను. సభ్యులు తలలూపిరి. ముందువరుసలో గూర్చున్న వృద్ధాచార్యుల తలమాత్రము ప్రతి పాటకును మఱింత క్రిందికి వ్రాలుచుండెను.

తుదకు వకుళాంబ వంతు వచ్చెను. పల్లవి శిఖరసమీపమును జేరగానే యామె చేయియు నలవాటున ఱొమ్మున కెక్కెను. అరచేతిక్రింద నూపిరి నిండుగా నుండెను. ఇంత యూపిరి యుండగా నేనేల యాగవలయునని యామెకు దుఃఖము పొంగివచ్చెను. మఱుక్షణమున నా చేయి దిగజారెను, స్వరము పైకి లేచెను. మృదంగము యథాప్రకారము మూగవోగా నామె గొంతొక్కటియే యా నిశ్శబ్దముమీదుగా నడచి శిఖరమును ముట్టెను.

“ఆపుము! ఇది గురుద్రోహము!” అని సుదర్శనభట్టు గర్జించెను.

వీరరాఘవాచార్యులు చేతికఱ్ఱ నూతగొని లేచిరి.

“నాయనా సుదర్శనా, అచ్చట నేనాగినది యూపిరి చాలక. మీరు నా కడకు వచ్చుటకు మునుపే యుబ్బసము నన్ను బట్టినది. రోగమని చెప్పికొన సిగ్గుపడి యూరకుంటిని, తప్పు నాది. మీరు నా యాయాసమును నేర్చికొంటిరి, నా పాట నాలోనే యుండిపోయినది.” అంతట నామెవైపు దిరిగి, “అమ్మా వకుళా, మరల బాడుము తల్లీ. అది నేను కట్టినది కట్టినట్లు విని యెంతకాలమైనదో!” అనిరి.

ఆమె పాడెను. ఈ మాఱు మృదంగ మాగలేదు. సుదర్శనభట్టు చిన్నబోయిన మొగముతో దానే తంబురా నందుకొని యామె వెనుక గూర్చుండి శ్రుతి పట్టెను. పాట ముగియునప్పటికి రాజు తన సింహాసనము విడిచి నిలువబడియుండెను, సభయంతయు నిలువబడెను, వృద్ధుడు కన్నీరు తుడుచుకొనకయే శిష్యురాలి చేయి పట్టి తీసికొనిపోయి పీఠముపై గూర్చుండబెట్టెను.

పెద్దల యడుగుజాడల నడచుట మంచిదే. వారి కుంటునుగూడ నేర్చికొన్నవాడు తన కాళ్ల బలమును దానెన్నటికి నెఱుగును? ఆనాడు సోమవరమున దన యూపిరితో దాను బాడిన యాడుదానికి జయజయధ్వానములు మ్రోగుచుండగా జిరకాలమునకు గురువుగారి పాట పూర్తిగా వినబడెను.