గదిలో యుద్ధం మాట ఎత్తకూడదు

సౌదీలో, ఖఫ్జీ క్యాంపులో మా గదికి నలుగురం. నేను ఓబులేసుని, కడపవాణ్ణి, ఏసీ మెకానిక్‌ని. ఇమ్రాన్‌ది రాయచోటి, డ్రైవరు. ఇష్తియాక్ పాకిస్తానీ వెల్డరు. నాలుగోవాడు ఉదయకిరణ్, అనంతపురం నుంచి వచ్చి ఆఫీసులో పనిచేస్తున్నాడు. వంటలో పప్పు నాది, రొట్టెలు ఇష్తియాక్‌వి.

ఉదయకిరణ్‌కు ప్రపంచశాంతి పిచ్చి. సరిహద్దులు తీసెయ్యాలి, సైన్యాలు రద్దు చెయ్యాలి అంటూ చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు. ఒక గదిలో కుదిరింది ప్రపంచంలో ఎందుకు కుదరదు అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆ మే నెలలో మన దేశానికీ పాకిస్తాన్‌కూ కాల్పులు మొదలయ్యాయి. మొదటిరోజే కంచాల ముందు నేనూ ఇష్తియాకూ గొంతులు పెంచుకున్నాం. ఉదయకిరణ్ మధ్యలో దూరి, గదిలో ఎవరూ యుద్ధం మాట ఎత్తకూడదు, ఎత్తినవాడు అందరి అంట్లూ తోమాలి అని రూలు పెట్టాడు. సరేనన్నాం. గొడవ నిజంగానే ఆగిపోయింది. వాడి ముఖం వెలిగిపోయింది.

మూడోనాటి సాయంత్రం రొట్టెలు మాడిపోయాయి. పెనం పొగలు కక్కుతుంటే ఇష్తియాక్ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఏమైందని అడిగితే తల అడ్డంగా ఊపాడు. నేను వదల్లేదు. అతను పొద్దుటి అంట్లన్నీ సింకులో వేసి, కుళాయి తిప్పి, తోమడం మొదలుపెట్టాకే నోరు విప్పాడు.

"ఘర్ మే కోయీ ఫోన్ నహీ ఉఠా రహా, భాయ్."

అతని పల్లె సరిహద్దుకు కూతవేటు దూరం. భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ మూడు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. అది చెబితే యుద్ధం మాట ఎత్తినట్టేనని ఈ మూడు రోజులూ మా పక్కనే కూర్చుని నోరు మూసుకుని తిన్నాడు. నాకు సిగ్గేసింది.

ఇమ్రాన్ తనకు తెలిసిన పాకిస్తానీ డ్రైవర్లందరికీ ఫోన్లు కొట్టాడు. చివరికి ఒకడి బావ ద్వారా కబురు తెలిసింది. ఊరు ఖాళీ చేశారు, భార్యా పిల్లలూ అమ్మమ్మగారింట్లో ఉన్నారు, హడావుడిలో ఫోను ఇంట్లోనే మర్చిపోయారు. అక్కడి పక్కింటివాళ్ళ ఫోనులో పిల్లల గొంతు వినగానే ఇష్తియాక్ నేలమీద కూలబడి ఏడ్చాడు.

లేచి మళ్ళీ సింకు దగ్గరికి వెళ్ళబోయాడు. అప్పటికే ఉదయకిరణ్ తోముతున్నాడు.

"ఏం సామీ, ప్రపంచానికి గూడా ఇదే ప్లానా?" అన్నాను.

వాడు తల ఎత్తలేదు. "కొట్లాడకుండా జూసినా గానీ, ఒకని బాధ ఇంకొకడు అడగల్ల అని రూలు పెట్టలేదన్నా."

నేను పక్కన నిలబడి తోమిన కంచాలు కడిగాను. మాడిన రొట్టెల్నే పప్పులో ముంచుకుని నలుగురం తిన్నాం. తిన్నంతసేపూ యుద్ధం గురించే మాట్లాడుకున్నాం.