తోక మెకానిక్

మా సిటీ సైకిల్ రైడ్‌లో అందరికంటే వెనక తొక్కే మెకానిక్‌ని తోక అంటారు. తోక ఎవరినీ దాటకూడదు. ముందున్న మనిషి ఆగితే తనూ ఆగాలి, ఆ సైకిల్ బాగుచేసి ముందుకు సాగనంపి, మళ్ళీ వెనకే తొక్కాలి. మూడేళ్ళుగా ఆ తోక మా ఆయనే. మాది సైకిల్ షాపు. ఈ ఏడు రైడ్ ఇంకా పది రోజులుందనగా ఆయన షాపు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మోచేతి దాకా కట్టు వేశారు.

సంగతి తెలిసి పెద్దనర్సు షాపుకొచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేసి రిటైరై, ఇప్పుడు ఈ రైడ్ నడిపిస్తోంది. ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు.

"మరి తోక ఎవరు?" అంది.

"నేను," అన్నాను.

అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. పాపను వదిలి వీధి చివరిదాకా వెళ్ళని మనిషిని నేను. పాపకి తొమ్మిది నెలలు. అది నిద్రపోయినప్పుడల్లా దాని ముక్కు దగ్గర నా పైపెదవి పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాను. మా అత్తయ్యకి అది రోజూ ఒక వేడుక. "దానికి పంపుతో గాలి కొట్టావా ఏంటే? దిగిపోతుందని అంత భయం!" అంటుంది.

పంక్చర్ల సంగతి వేరు. నా చదువు ఎనిమిదితో ఆగిపోయింది. పెళ్ళయ్యాక సైకిళ్ళ దగ్గరే మిగతాది నేర్చుకున్నాను. షాపులో వేసే పంక్చర్లలో సగానికి పైగా వెనక గదిలో నేను వేసినవే. బయటికి ఇచ్చేది ఆయన చెయ్యి కాబట్టి పేరు ఆయనది.

"ఆమెకి వచ్చు," అన్నాడు ఆయన. "నాకంటే నయం. కాకపోతే కంగారు."

పెద్దనర్సు నన్ను ఎగాదిగా చూసింది. "కంగారుకి నా దగ్గర మందు లేదు గానీ, ఒక్క మాట. పదింటికి పోలీసులు రోడ్డు తెరిచేస్తారు. అప్పటికి వంతెన దాటనివాళ్ళని సైకిల్‌తో సహా వ్యాన్ ఎక్కిస్తాం. నీ పని కుదరక ఒక్కరు వ్యాన్ ఎక్కినా సరే, వచ్చే ఏడు తోకని మార్కెట్ దగ్గరి షాపుకి ఇచ్చేస్తాను. నాకు మొహమాటాల్లేవు."

"ఎవరూ ఎక్కరు," అన్నాను.

ఆ రోజు పొద్దున్నే పాపకి కడుపునిండా పాలిచ్చి అత్తయ్య చేతిలో పెట్టాను. ఆయన పాత చొక్కా వేసుకుని, చేతులు మోచేతులదాకా మడిచాను. సంచిలో టైరు ఊడదీసే లీవర్లు, ప్యాచ్‌లు, సొల్యూషను, గరుకు కాగితం, పంపు పెట్టుకున్నాను. పాప పాలు తుడిచే మెత్తటి గుడ్డ కూడా ఎలాగో అందులోకి చేరింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, "కన్నం మూస్తే సగం పనే. కన్నం పెట్టినదాన్ని పట్టుకుంటే మిగతా సగం. టైరు లోపల చెయ్యి తిప్పకుండా ట్యూబు ఎక్కించకు," అన్నాడు.

"నాకా చెప్తున్నారు?"

"నీకు కాదు, నీ కంగారుకి."

పద్దెనిమిది వందల సైకిళ్ళు కదిలాయి. వెనక నుంచి చూస్తే రోడ్డే కదిలిపోతున్నట్టు ఉంది. ఫ్లైఓవర్ కింద అందరూ ఒక్కసారి గంటలు కొట్టారు. ఆ మోత నా పళ్ళలోకి ఎక్కింది. సిగ్నళ్ళు వాటి పాటికి అవి ఎరుపూ పచ్చా మారుతున్నాయి, పట్టించుకునే నాథుడు లేడు. రోజూ గోడవారగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కే రోడ్డు మధ్యలో, తెల్లగీత మీద, తీరుబడిగా తొక్కాను.

నా ముందు చివరి మనిషి ఒక బస్సు కండక్టరు. భారీ మనిషి, పాత సైకిలు. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆ సైకిలు మూలిగేది, ఆయన నవ్వేవాడు.

"చెల్లెమ్మా, రెండేళ్ళ నుంచీ వంతెన ఎక్కేలోగా టైమైపోయి నన్ను వ్యాన్‌లోనే తెస్తున్నారు. డిపోలో ఏమంటున్నారో తెలుసా? 'టికెట్ తీసుకున్నావా అన్నా?' అంటున్నారు. ఈసారి కూడా ఎక్కానంటే సైకిలు అమ్మేసి ఇంట్లో కూర్చుంటా."

"ఎక్కరన్నా. నేనున్నాగా."

"మీ ఆయన కూడా పోయినేడు ఇదే అన్నాడమ్మా."

ఆ మాట నాకు చురుక్కుమంది. "ఆయన వేరు, నేను వేరు," అన్నాను.

ఫ్లైఓవర్ దాటిన కాసేపటికి కండక్టరు వెనక టైరు బుస్సుమంది. దిగి సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టాను. ట్యూబు లాగి కొంచెం గాలి కొట్టేసరికి కన్నం తనంతట తనే కూసింది. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పూసి, అది ఆరేదాకా ఊదుతున్నాను. సరిగ్గా అప్పుడు జేబులో ఫోను మోగింది. ఇంటి నుంచి!

రెండు చేతులూ జిగురు. "అన్నా, కొంచెం ఎత్తండన్నా, జేబులో ఉంది, స్పీకర్ పెట్టండి," అన్నాను. కండక్టరు రెండువేళ్ళతో ఫోను తీసి, టికెట్ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"పడుకుంది," అంది అత్తయ్య గొంతు, వీధి అంతా వినిపించేలా. "నువ్వు చూసినట్టే ముక్కు దగ్గర పెదవి పెట్టి చూశా. ఊపిరి ఆడుతోంది. ఇంక నువ్వు మాటిమాటికీ ఫోను చెయ్యకు."

"నేనెక్కడ చేశానత్తయ్యా, మీరేగా చేశారు!"

"అదే, చెయ్యకముందే చెప్తున్నా. విరేచనం కూడా మామూలుగానే అయింది."

"సంతోషం పెద్దమ్మా," అన్నాడు కండక్టరు ఫోనులోకి.

"ఎవర్రా నువ్వు?" అంది అత్తయ్య.

నవ్వుతూనే ప్యాచ్ నొక్కాను. నవ్వుతూనే ట్యూబు ఎక్కించాను. గాలి కొట్టాను, సైకిలు నిలబెట్టాను, బయల్దేరాం. ఒళ్ళు తేలికైంది. పాప బాగుంది, చేతిపని బాగుంది. నాకేం తక్కువ?

వంతెన మొదట్లో, ఇంకా ఎక్కకముందే, కండక్టరు వెనక చక్రం మళ్ళీ మెత్తబడింది. ఈసారి బుస్సుమనలేదు, నెమ్మదిగా కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది, టైరు లోపల నేను చెయ్యే తిప్పలేదు. మా ఆయన గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పిన మాట! కన్నం పెట్టినదేదో అందులోనే ఉండిపోయి, మళ్ళీ తన పని తను చేసుకుంది.

వ్యాన్ వచ్చి పక్కన ఆగింది. డ్రైవరు దిగి, అడగకుండానే వెనక తలుపు తీశాడు. "తొమ్మిదీ నలభై నాలుగు. రా అన్నా, నీ సీటు అలాగే ఉంచా."

కండక్టరు హ్యాండిల్ పట్టుకుని వ్యాన్ వైపు ఒక అడుగు వేశాడు. ఆ ఒక్క అడుగూ నాకు నచ్చలేదు.

"తలుపు మూసెయ్యి," అన్నాను డ్రైవరుతో.

"అమ్మాయ్, పదహారు నిమిషాల్లో రోడ్డు తెరుస్తారు."

"వంతెన దాటడానికి ఎంత?"

"ఆయన తొక్కితే ఆరు. ఎత్తుగదా, ఏడనుకో."

"అయితే నాకు తొమ్మిది ఉన్నాయి. మూసెయ్యి, బాబాయ్. మూసి ఇటు వచ్చి నిలబడు."

ఏడు నిమిషాల్లో పంక్చరు వేసి ఎక్కించడం నాకు ఎప్పుడూ ఉన్నదే. కన్నం దొరికితే. అదే దొరకలేదు. ట్యూబుకి గాలి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే నది గాలి హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. షాపులో అయితే నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగ చెప్పేస్తుంది. ఇక్కడ కండక్టరు సీసాలో రెండు గుక్కల నీళ్ళున్నాయి.

"అన్నా, మీరు ఇటు. బాబాయ్, నువ్వు అటు. గాలికి అడ్డంగా నిలబడండి. దగ్గరగా!"

కండక్టరు ఒళ్ళు అప్పుడు పనికొచ్చింది. ఆయన వెనక గాలి చచ్చిపోయింది. నేను కూర్చుని, కళ్ళు మూసుకుని, ట్యూబుని పైపెదవి కింద నుంచి నెమ్మదిగా జరిపాను. తడి పెదవికి ఏ చిన్న ఊపిరైనా చల్లగా తగులుతుంది. తొమ్మిది నెలలుగా రోజుకి పదిసార్లు చేస్తున్న పనే ఇది.

"ఏంటమ్మా, ముద్దు పెడుతున్నావా?" అన్నాడు డ్రైవరు.

"మాట్లాడకు బాబాయ్, నీ ఊపిరి తగుల్తోంది."

సగం తిప్పాక తగిలింది. వెంట్రుకంత చల్లదనం. పాప ఊపిరికంటే సన్నం. కళ్ళు తెరిచి చూస్తే ఏమీ కనబడదు, కానీ అక్కడే ఉంది. గోటితో గుర్తు పెట్టి, రుద్ది, సొల్యూషను పూశాను.

అది ఆరేలోగా దొంగని పట్టుకోవాలి. ట్యూబు వాల్వుని రిమ్ము కన్నంతో సరిచూసి, గుర్తు ఎక్కడికి వస్తుందో టైరు మీద అక్కడ చెయ్యి పెట్టాను. వేలికి ఏమీ తగల్లేదు. సంచిలోంచి పాప గుడ్డ తీసి టైరు లోపల తుడిచాను. మెత్తటి నూలు చటుక్కున ఒకచోట పట్టేసింది. అక్కడ ఉంది మహారాజు, లారీ టైర్లలోంచి రాలే సన్న ఇనుపతీగ, కంటిరెప్ప వెంట్రుకంత. పళ్ళతో పట్టి లాగి ఉమ్మేశాను.

ఈసారి టైరు చుట్టూ గుడ్డ రెండుసార్లు తిప్పాను. ఎక్కడా పట్టలేదు. ఆరిన సొల్యూషను మీద ప్యాచ్ నొక్కి, ట్యూబు, టైరు, చక్రం ఎక్కించి, చెయిను తగిలించి, గాలి కొట్టాను. పంపు కొడుతుంటే డ్రైవరు చేతి గడియారం చూసి, "తొమ్మిదీ యాభై రెండు," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

"ఎక్కండన్నా."

కండక్టరు ఎక్కాడు. "రైట్ రైట్!" అని తనకు తనే అరుచుకుని తొక్కడం మొదలుపెట్టాడు. వంతెన ఎత్తులో ఆ సైకిలు ఎంత మూలిగిందో ఆయనా అంతే మూలిగాడు. సగం దూరంలో, "ఇంక నా వల్ల కాదు చెల్లెమ్మా," అన్నాడు. "మీ బస్సులో ఎవరైనా వంతెన మధ్యలో దిగుతానంటే దింపుతారా?" అన్నాను. "స్టాపు లేదు, దింపం," అన్నాడు రొప్పుతూ. "మరి ముందుకు జరగండి," అన్నాను. నవ్వు ఆపుకోలేక తిట్టుకుంటూ తొక్కాడు. దిగువలో నిలబడ్డ పోలీసాయన మోటార్‌సైకిల్ స్టార్ట్ చేసి మాకోసం చూస్తున్నాడు. మేం ఆయన పక్కనుంచి జారిపోయాక, ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆగి ఉన్న కార్లు ఒక్కసారిగా వంతెన మీదికి వచ్చిపడ్డాయి.

మైదానంలో పెద్దనర్సు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. వ్యాన్ ఆగగానే వెళ్ళి వెనక తలుపు తనే తీసింది. లోపల ఏమీ లేదు.

"ఖాళీగా తోలుకొచ్చా," అన్నాడు డ్రైవరు. "ఇట్లాగైతే నా ఉద్యోగం పోతుంది."

"ఒక్క సైకిలుకి రెండుసార్లు ఆగాం," అన్నాను నేను. "రెండోసారి ఆగింది నా తప్పు వల్ల. మొదట టైరు చూడలేదు."

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"కండక్టరన్న డిపో అంతా చెప్తాడు. ముందు నేనే చెప్తే మేలు."

కండక్టరు అప్పటికే ఎవరితోనో ఫోనులో, "టికెట్ లేదురా, సొంతంగా వచ్చా, సొంతంగా!" అని అరుస్తున్నాడు.

పెద్దనర్సు కాగితం మీద ఏదో రాసుకుంది. తల ఎత్తకుండానే, "వచ్చే ఏటికి మీ ఆయన చెయ్యి బాగైపోతుందిగా?" అంది.

"బాగవుతుంది. పాపని ఎత్తుకోవడానికి పనికొస్తుంది," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. వచ్చే ఏటి తోక అన్నచోట ఆయన పేరు కొట్టేసి నాది రాసింది.

జేబులో ఫోను మోగింది, ఇంటి నుంచే. ముందు చేతులు తుడుచుకున్నాను. తర్వాత ఎత్తాను.