మా చెరువులు మాకు కావాలి

ఈ హెడ్‌ఫోన్లు ఎవరో పెద్ద తలకాయ మనిషి కోసం చేసినట్టున్నాయి, జారిపోతున్నాయి, సర్దుకుందామంటే కదిలితే చప్పుడు మైకులో పడుతుందని అమ్మాజీ అత్త ముందే భయపెట్టింది, నా గాజులు కూడా తీయించి తన సంచిలో వేసుకుంది, అద్దం అవతల ఈ సినిమా తీసిన జగదీశ్ గారు సమోసా నములుతూ బొటనవేలు చూపిస్తున్నారు, అంటే బాగా చెప్పానన్నమాట, ఒక్కసారికే అయిపోయిందట, ఏంది అమ్మాజీ, నీ మేనకోడలికి నోట్లో నాలికనే లేదనుకున్న, గిట్ల చెప్పింది, ఒళ్లు జలదరించింది పో, అంటున్నారాయన, సిగ్గండీ దానికి, మా అన్నయ్యనైనా ఇంకొంచెం కూర వెయ్యమని అడగదు, అని అత్త మురిసిపోతోంది, నేను తల దించుకున్నాను, వాళ్లు దాన్ని కూడా ఆ సిగ్గే అనుకున్నారు.

చెప్పింది ఒక్క మాటే, మా చెరువులు మాకు కావాలి, ఎదురుగా తెర మీద గట్టెక్కి నిలబడ్డ అమ్మాయి ఆ మాట అంటోంది, నా ఈడుదే, రెండు జడలు, నోరు కదులుతోంది గానీ గొంతు గాలి హోరులో కొట్టుకుపోయిందట, కొల్లేటి యాస పలికే ఆడపిల్ల కావాలట, ఫిల్మ్ నగర్ అంతా వెతికినా దొరకలేదట, సినిమాల్లో పెళ్లిజనం, సంతజనం వెనక అరిచే గొంతుల్లో మా అత్తదొకటి, ఉందిగా సార్, మా లంక నుంచి సెలవులకొచ్చిన పిల్ల రహమత్ నగర్‌లో మా ఇంట్లోనే ఉంది అని నన్ను ఆటో ఎక్కించేసింది, కొల్లేటి పక్షుల సినిమా ఇది, సరస్సును కాపాడండి అని చెప్పే సినిమా, ఈ పిల్ల మాటతోనే అయిపోతుంది, నువ్వు మాటంటవు, గూడబాతులన్నీ ఒక్కసారే లేస్తయి, వెనక వేణువు, చూసినోళ్లు ఏడ్వాలె, అని జగదీశ్ గారు చేతులు రెక్కల్లా ఊపి చూపిస్తుంటే నేను తెర వైపే చూశాను, ఆ పిల్ల అన్నది అది కాదు.

ఇక్కడ చెరువంటే వేరు, వస్తుంటే అత్త చూపించింది, అదిగో ఆ అపార్టుమెంట్లున్న చోట చెరువుండేదంట, పూడ్చేశారంట పాపం అని, ఇక్కడ చెరువంటే పోయినది, పోకుండా కాపాడుకోవలసినది, మా లంకలో చెరువంటే చేపల చెరువు, కొల్లేటి కడుపులో గట్లు పోసి గళ్ల లుంగీలా ముక్కలు చేసి, మేతకని తవుడు బస్తాలకు చిల్లులు పొడిచి కర్రలకు వేలాడదీసి, బొచ్చెలు శీలావతులు పెంచేది, కొల్లేటిని మింగినదే చెరువు, ఆ పిల్ల ఆ మాటన్నది సరస్సును మళ్లీ సరస్సు చేస్తామని గట్లు కొట్టెయ్యడానికి వచ్చిన సర్కారువాళ్లతో, ఆమె భుజం వెనక మసకమసగ్గా కనిపిస్తున్న పసుపురంగు ఎండ కాదు, గట్టు తవ్వే యంత్రం చెయ్యి, వీళ్లకు ఎండలా ఉంది కాబోలు, నాకు చూడగానే తెలిసింది, మా గట్టు మీదికీ అలాంటిదే వచ్చింది, అమ్మ దాని ముందు బురదలో కూర్చుంది, లేవనంది, తెలిసి కూడా చెప్పాను, తెలిసే అంత బాగా చెప్పాను.

సత్యనారాయణ మాస్టారు చూస్తే ఏమనేవారు, చిత్తడి నేల భూమికి మూత్రపిండం వంటిదర్రా, వరద వస్తే పట్టి ఉంచుతుంది, మురికి వస్తే వడగడుతుంది, అని ఆయన రాసిచ్చిన ప్రసంగం బడిలో నేనే చెప్పాను, బల్ల అంచు పట్టుకుని చెప్పాను, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నాన్న, మా అమ్మాయండీ అని పక్కవాళ్లకు చెప్పుకుని, బహుమతిగా ఇచ్చిన గిన్నె సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని, ఇంటికి పోతూ దారిలో చెరువు దగ్గర దిగి, పక్షులు వాలకుండా లాగిన దారాలు బిగించాడు, ఆ దారాల్లోనే ఒక గూడబాతు చిక్కుకుంది ఒకసారి, రెక్క విరిగినట్టు వేలాడుతూ మమ్మల్నే చూసింది, నీ జిమ్మడ, రోజూ నా చేపలు మింగేది నువ్వే కదే, అని తిడుతూనే నాన్న మెడ దాకా నీళ్లలో దిగి దారం కోసి వదిలాడు, అది పోయింది, మర్నాడు దారాలు ఇంకా దగ్గర దగ్గరగా కట్టాడు, నేనే దారపు ఉండ అందించాను.

సార్, అన్నాను, మైకు ఇంకా తెరిచే ఉంది కాబోలు, నా గొంతు అవతలి గదంతా మోగి నేనే ఉలిక్కిపడ్డాను, చెప్పు బిడ్డా, అన్నారు జగదీశ్ గారు, మా దగ్గర చెరువులంటే చేపల చెరువులండీ, అవి తీసెయ్యొద్దనే ఆ అమ్మాయి అంటోంది, పక్షుల కోసం కాదండీ, అనేసి కళ్లు మూసుకున్నాను, ఆయన నవ్వు వినిపించింది, అంటే గీ పిల్ల మన సినిమాల నిలబడి మనకే ఉల్టా చెప్తున్నదా, వారెవ్వా, జర్రుంటే పరువు పోయేది అమ్మాజీ, మంచిగ చెప్పినవ్ తల్లీ, మీకున్నయా చెరువులు, అని మామూలుగానే అడిగారు, అత్త నా వైపు చూసింది, లేవండీ, అన్నాను, ఎంత తొందరగా వచ్చిందో ఆ అబద్ధం, అత్త సంచిలో నా గాజులు వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

ఆ పిల్లను తీసేస్తారనుకున్నాను, తీసేస్తే బాగుండేది, ఇంకేం ఫికర్ లేదు, చెరువులు తీసి కొల్లేరు పెడ్దాం, మా కొల్లేరు మాకు కావాలి, పెదాలకు కూడా సరిపోతది, అన్నారు జగదీశ్ గారు, ఆమె అలా అనలేదండీ అనాలి నేను, అది ఆమె నోరండీ అనాలి, ఉన్న ధైర్యమంతా ఇందాకటి ఆ ఒక్కసారికే అయిపోయింది, అప్పటికే ఎర్ర దీపం వెలిగింది, గట్టు మీద పిల్ల నోరు తెరిచింది, మా కొల్లేరు మాకు కావాలి, అన్నాను, అవతల తల అడ్డంగా ఊగింది, మళ్లీ, మా కొల్లేరు మాకు కావాలి, హాజరు పలికినట్టున్నది తల్లీ, జర మనసు పెట్టు, మళ్లీ, ప్రసంగం రాగం వచ్చింది, మళ్లీ, పేరేమో భావన, ఒక్క భావన పలుకది, ఇందాక ఎంత మంచిగ వచ్చింది, ఆ ఫీలింగ్ ఏడ వోయింది, అని జగదీశ్ గారు, కొల్లేటిని తల్చుకోవే, చిన్నప్పట్నుంచి చూసిందేగా, అని అత్త.

తల్చుకుంటున్నాను అత్తా, కళ్లు గట్టిగా మూసుకుని తల్చుకుంటున్నాను, చెరువులే వస్తున్నాయి, గట్టు, దాని పక్కన గట్టు, తవుడు వాసన, తెల్లారి చెరువు పట్టేటప్పుడు వలలో ఎగిరిపడే వెండి చేపలు, నాన్న కేకలు, కొల్లేరు నేను ఎప్పుడు చూశానని, నేను పుట్టేసరికే అది గళ్లు గళ్లు, అడుగు కనిపించే నీళ్లని, దోసిలి పట్టి తాగేవాళ్లమని నాయనమ్మ అంటే కథే అనుకున్నాను, మాస్టారి మాటలు బట్టీ పట్టాను గానీ ఆ నీళ్లు తిరిగి రావాలని ఒక్కపూటైనా అనుకున్నానా, వస్తే ముందు పోయేది మా గట్టే కదా, నా చదువు, నాన్న కేకలు, అమ్మ నవ్వు, ఫీలింగ్ ఎక్కడికీ పోలేదండీ, ఇందాక అది ఆ పిల్ల గొంతు కాదు, నాదే, మా చెరువు మాకు కావాలన్నది నేనే, ఒళ్లు జలదరించేలా అన్నది నేనే, ఎర్ర దీపం మళ్లీ వెలిగింది, పక్షులు లేవడానికి సిద్ధంగా ఉన్నాయి, నాకు కొల్లేరు అక్కర్లేదు.