జారిన బ్రష్షు

ఏలూరు పవర్‌పేటలోని హబీబ్ పరుపుల కొట్టుకి మధ్యాహ్నం పూట బేరాలుండవు. భార్య జులేఖా పోయినప్పటి నుంచి ఆయన భోజనానికి ఇంటికి వెళ్లడం మానేశాడు. క్యారేజీ తెప్పించుకుని కొట్లోనే తిని, బూరుగు దూది బస్తాకి జారగిలబడి కాసేపు కళ్లు మూసుకుంటాడు. పలకరించేవాళ్లు లేక కాదు. సాయంత్రం మసీదు దగ్గర బోలెడుమంది కలుస్తారు. ఆరోగ్యం అడుగుతారు, ఎండల గురించి చెబుతారు. ఆయనా చెబుతాడు. ఇంటికొచ్చి తాళం తీసేసరికి, రోజంతా ఎవరితోనూ మాట్లాడనట్టే ఉంటుంది.

ఆ వైశాఖంలో ఒకరోజు నలభై అయిదేళ్ల ఆవిడ ఒకతె కొట్టు మెట్టెక్కింది. భుజానికి సంచీ, చేతిలో చిన్న సూట్‌కేసు.

"హబీబ్ గారంటే మీరేనాండీ?"

"నేనేనమ్మా. పరుపు కావాలా?"

"కాదండీ. నా పేరు రమ్య. తాడేపల్లిగూడెం నుంచి వస్తున్నాను. ఆనంద్ పాల్ గారి అమ్మాయిని."

హబీబ్ చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఆ పేరు ఇంకొకరి నోట విని నలభై ఏళ్లయింది.

ఎనభై నాలుగులో ఆయనకి ఇరవై రెండేళ్లు. తండ్రి బ్యాండు మేళంలో డ్రమ్ములు నేర్చుకుని, పెద్ద ఆశతో మద్రాసు వెళ్లాడు. అక్కడొక హోటల్లో రాత్రిపూట జాజ్ వాయించే బృందంలో చోటు దొరికింది. ఆ బృందానికి పెద్ద ఆనంద్ పాల్. కొల్లేటి లంకలో పుట్టినవాడు, బడిపంతులు గారబ్బాయి. ఆయన వాయించేది వైబ్రాఫోన్. బల్లంత వాయిద్యం, దాని మీద వరసగా లోహపు పలకలు, కింద గొట్టాలు. నూలు చుట్టిన పుల్లలతో కొడితే ఒక్కో స్వరం నీళ్లలో గంట మోగినట్టు మోగేది. నలుగురూ కలిసి ఒక ఎల్పీ రికార్డు చేశారు. చివరి పాట రికార్డయిన సాయంత్రమే హబీబ్‌కి టెలిగ్రాం వచ్చింది, తండ్రికి పక్షవాతమని. దొరికిన రైలెక్కి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. రికార్డు కాపీలు కొన్నే అచ్చయ్యాయనీ, అమ్ముడుపోలేదనీ ఎవరో చెబితే విన్నాడు. రికార్డు మాత్రం వినలేదు.

"నాన్నగారు..." అన్నాడు.

"పోయి ఎనిమిదేళ్లయిందండీ. మద్రాసులోనే. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మనీ నన్నూ వదిలేసి వెళ్లిపోయారు. తర్వాత రెండుసార్లు చూశానంతే."

ఆవిడ సంచీలోంచి చదరపు అట్టపెట్టె తీసింది. జర్మనీలో ఒక చిన్న కంపెనీ వాళ్లు ఆ రికార్డుని మళ్లీ విడుదల చేశారట. వాళ్లే వెతికి వెతికి రమ్యని పట్టుకుని కాపీలు పంపారు. అట్ట వెనక నాలుగు పేర్లు ఉన్నాయి. చివరిది, 'డ్రమ్స్: హబీబ్, ఏలూరు'. ఆ ఊరి పేరు పట్టుకుని ఆవిడ బ్యాండు మేళాల వాళ్లని అడుగుతూ ఇక్కడిదాకా వచ్చింది.

"మిగతా ఇద్దరూ లేరటండీ. మీరొక్కరే ఉన్నారు."

హబీబ్ తన పేరు మీద వేలు పెట్టి చదువుకున్నాడు.

"మీరు విన్నారామ్మా?"

"లేదండీ. ఇంట్లో పెట్టలేను, అమ్మ ఉంటుంది. ఒక్కదాన్నే వినాలంటే కూడా ఏదోలా ఉంది. మీతో కలిసి విందామని మిషను కూడా తెచ్చానండీ." సూట్‌కేసు తెరిచింది. అది రికార్డు ప్లేయరే.

హబీబ్ షట్టరు సగం దించాడు. చప్పుడు చేస్తుందని ఫ్యాను కట్టేశాడు. చుట్టూ నిలబెట్టిన పరుపులు రోడ్డు మోతని మింగేశాయి. "స్టూడియోలో కూడా గోడలకి ఇలాగే పరుపులు కట్టేవారమ్మా," అన్నాడు.

మొదటి సైడు మొదలవగానే ఆయన మొహం చిట్లించాడు. డ్రమ్ముల మోత. "చూశారా, ఆ తొందర! నన్ను పట్టుకుని ఆపేవాడే లేడు." కానీ రెండో పాటకి ఆయన వేళ్లు మోకాలి మీద కదలడం మొదలుపెట్టాయి. వైబ్రాఫోన్ పైనుంచి దిగివచ్చింది. ఒక స్వరం ఇంకా మోగుతుండగానే దాని పక్కన మరోటి పెట్టి, రెండూ కరిగేదాకా ఊరుకుని, అప్పుడు మూడోది.

"ఆ వణుకు వినపడుతోందా? గొట్టాల్లో చిన్న రెక్కలుంటాయమ్మా. మోటారు వాటిని తిప్పుతుంది. అందుకే శబ్దం అలా ఊగుతుంది."

రమ్య తలూపింది. సైడు అయిపోయాక నెమ్మదిగా అంది. "నాకేం అర్థం కావట్లేదండీ. ఏడుపొస్తుందనుకున్నాను. అదీ రావట్లేదు. ఎవరో వాయిస్తున్నట్టే ఉంది. ఆయన ఎలాంటి మనిషండీ?"

హబీబ్ అబద్ధం చెప్పలేకపోయాడు. "నాకూ సరిగ్గా తెలీదమ్మా. కలిసి వాయించింది కొన్ని నెలలే. మాటలు తక్కువ. ఆదివారాలు చర్చికి వెళ్లొచ్చి గదిలో పడుకునేవారు. ఉత్తరాలు రాయడం నేను చూళ్లేదు."

ఆవిడ రికార్డు తిప్పి పెట్టింది. రెండో సైడు చివరి పాట పేరు 'కొల్లేటి మబ్బు'. ఆ పేరు హబీబ్‌కి బాగా గుర్తు. ఆ పాట వాయిస్తుండగా, పుల్లలకి బదులు డ్రమ్ము మీద రాసే తీగల బ్రష్షు తన చేతిలోంచి జారిపడింది. పాట పూర్తయ్యాక పాల్ కోప్పడలేదు. "ఇంకోటి చేద్దాం," అన్నాడంతే. రెండోసారి అంతా సవ్యంగా జరిగింది. మొదటిది పారేసి ఉంటారనే హబీబ్ ఇన్నాళ్లూ అనుకున్నాడు.

పాట మొదలైంది. డ్రమ్ము మీద బ్రష్షు గడ్డిలో గాలిలా కదులుతోంది. వైబ్రాఫోన్ మెల్లగా కమ్ముకుంటోంది. నడిమధ్యలో 'టక్' మని చప్పుడు.

హబీబ్ లేచి నిలబడ్డాడు. "అదే! బ్రష్షు పడింది! ఇదే వేశారా?"

డ్రమ్ము ఆగిపోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత వైబ్రాఫోన్ మీద ఒకే ఒక్క స్వరం, పొట్టిగా, ఆ 'టక్'కి బదులు పలికినట్టు. మళ్లీ అదే. అప్పుడు పాల్ మోటారు కట్టేశాడు. శబ్దం ఊగడం ఆగింది. గాలి లేని చోట దీపంలా ప్రతి స్వరం నిటారుగా నిలబడింది. మంద్రంగా బేస్ వాయించే అతను కూడా ఆ సంగతి కనిపెట్టి, చప్పుడు తగ్గించాడు. పాల్ ఒక చిన్న వరసని తిప్పి తిప్పి వాయిస్తూ అక్కడక్కడే ఉండిపోయాడు, ముందుకి పోకుండా. ఇంతలో బ్రష్షు తిరిగి వచ్చింది, భయంభయంగా. అది కుదురుకున్నాక గానీ ఆయన కదల్లేదు.

"నేను కింద వంగి వెతుక్కుంటున్నానమ్మా," అన్నాడు హబీబ్. "ఆయనేం చేస్తున్నారో వినలేదు. నా చెవుల్లో నా గుండె చప్పుడే."

దాని తర్వాత కంపెనీ వాళ్లు కొత్తగా చేర్చిన ముక్క వచ్చింది. అదే పాట, ఆనాడు వదిలేసిన రెండో టేకు. ఒక్క తప్పూ లేదు. చక్కగా సాగి, చక్కగా ముగిసింది.

రమ్య సూది ఎత్తింది. "ఇది ఇందాకటంత బాగాలేదండీ."

"ఎందుకనమ్మా?"

"ఇందులో ఆయన ఎవరి కోసమూ ఆగలేదు కదండీ."

ఆ మాట అన్నాక ఆవిడ తల వంచుకుంది. ఏడుపు అప్పుడొచ్చింది. "మా కోసం కూడా ఆగితే బాగుండేది అంకుల్. ఆగడం తెలిసిన మనిషేగా."

హబీబ్ లేచి వెళ్లాడు. మంచినీళ్ల గ్లాసు అందించాడు. ఆవిడ అడిగితే, జారిన బ్రష్షున్న పాటే మళ్లీ పెట్టాడు.

వెళ్లేటప్పుడు రమ్య ప్లేయరూ రికార్డూ అక్కడే వదిలేసింది. "మా ఇంట్లో వినే వీలు లేదండీ. వీలున్నప్పుడు వస్తాను." ఆయన స్టేషను దాకా వెళ్లి ప్యాసింజరు ఎక్కించి వచ్చాడు.

ఆవిడ ఆ తర్వాత ఒక్కసారే వచ్చింది. వర్షాకాలంలో వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేక రావడం కుదరలేదు. ఫోన్ చేసి, "వింటున్నారా అంకుల్?" అని అడుగుతుంది. "వింటున్నానమ్మా," అంటాడు.

నిజంగానే వింటున్నాడు. భోజనమయ్యాక రెండో సైడు పెట్టుకుంటాడు. మొదట్లో తన తప్పు కోసం వినేవాడు. ఇప్పుడు దాని తర్వాత వచ్చే ఆ నిటారు స్వరాల కోసం వింటున్నాడు. విన్నకొద్దీ వాటిల్లో కొత్తది ఏదో కనబడుతుంది. కనబడిన ప్రతిసారీ పక్కకి తిరుగుతాడు, చూశావా అనడానికి. పక్కన దూది బస్తా.

ఒకరోజు పాట మధ్యలో ఆకివీడు నుంచి సత్తిబాబు అనే చేపల చెరువుల ఆసామి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి విన్నాడు.

"రేడియోనాండీ?"

"రికార్డండీ. అందులో డ్రమ్ములు వాయించింది నేనే."

"అలాగాండీ!" అన్నాడు సత్తిబాబు మర్యాదగా. మరో నిమిషం నిలబడ్డాడు. తర్వాత చేతి గడియారం చూసుకుని అడిగాడు.

"మా పరుపులు ఎప్పటికవుతాయండీ?"

"ఎల్లుండికి ఇచ్చేస్తానండీ," అన్నాడు హబీబ్.