నీరు తీసిన వేళ

సంపేలా సముద్రంలో కర్రల మీద నిలిచిన ఊరు. అక్కడ హస్మీదా తన మేనమామ సాలెంగ్ పడవలో యాత్రికులను పగడపు దిబ్బలకు తీసుకెళ్ళేది. తల్లిదండ్రులు లేని ఆమెకు ఇల్లూ, పనీ రెండూ మామవే.

ఆ రోజు జకార్తా నుంచి విబోవో, అతని భార్య లెస్తారి వచ్చారు. ఫొటోల సరదాలో పడి విబోవో, హస్మీదా ఎంత పిలిచినా నీళ్ళు వదల్లేదు. పడవెక్కేసరికి ఆటు వచ్చి సముద్రం వెనక్కి తీసింది. చుట్టూ పగడాలు తలలు బయటపెట్టాయి. నడుమ గుంటలో పడవ చిక్కుకుపోయింది.

"సాయంత్రం ఓడ అందుకోవాలి. ఈ రాళ్ళ మీదుగా లాగేయండి," అన్నాడు విబోవో.

సాలెంగ్ గడకర్ర అందుకున్నాడు. హస్మీదా నడుంలోతు నీళ్ళలోకి దిగి పడవకు అడ్డంగా నిలబడింది.

"వద్దు మామా. పగడాలు నుజ్జయిపోతాయి."

"తప్పుకో. వీళ్ళు రాకపోతే తినేదేంటి?"

"ఇవి చస్తే వీళ్ళెందుకొస్తారు?"

"మమ్మల్ని ఎండలో కట్టేస్తావా?" అన్నాడు విబోవో.

"నేనూ మీతోనే ఉన్నాగా సార్. నీరు ఎక్కేదాకా ఎవరం కదల్లేం."

సాలెంగ్ కర్ర కింద పడేసి మొహం తిప్పుకున్నాడు. నీడ లేదు. పడవ అంచు కూడా చురుక్కుమంటోంది. లెస్తారి వంగి, పక్కనే నీటిపైకి తేలిన పగడాన్ని చూసింది.

"దీనికి చెమట పడుతోందేంటి?"

"జిగురమ్మా. ఎండకి ఒళ్ళు మాడకుండా కక్కుకుంటోంది. పారిపోవడానికి కాళ్ళు లేవుగా."

లెస్తారి గబగబా తాగే నీళ్ళ సీసా మూత తీసింది.

"మంచినీళ్ళు పోస్తే చచ్చిపోతుందమ్మా," అని హస్మీదా ఆమె చెయ్యి పట్టుకుంది.

లెస్తారి తన టోపీతో ఉప్పునీళ్ళు ముంచి పోయసాగింది. నీరు ఎక్కేవరకూ మానలేదు. వాళ్ళకు సాయంత్రం ఓడ అందలేదు.

ఆ రాత్రి ఇంట్లో అత్త హస్మీదాకు కర్రపెండలం ముద్ద పెట్టింది.

"రేపు కూడా అడ్డం నిలబడతావా?" అన్నాడు సాలెంగ్.

ఆమె ముద్ద పక్కకి నెట్టింది.

"పడవ నాది. గుర్తుంచుకో."

పొద్దున కొత్త యాత్రికులు వచ్చారు. హస్మీదాకు ఎక్కడానికి ఇంకో పడవ లేదు. ఎక్కింది. దిబ్బ దగ్గర ఆమె మాట వినబడకుండా సాలెంగ్ కావాలనే ఇంజను ఆపలేదు. ఆమె గొంతు పెంచి, ఇవి రాళ్ళు కావని, వీటికి ప్రాణముందని అందరికీ వినబడేలా చెప్పడం మొదలుపెట్టింది.